ల్యాప్రోస్కోపీలో గర్భసంచి తీయించుకునే ముందు

పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఈ ఆపరేషన్ కోసం చెన్నై వచ్చే నెల్లూరు, చిత్తూరు వాళ్లు పాత కాగితాలన్నీ వెంట తెచ్చుకోండి, ముఖ్యంగా సిజేరియన్ల డిశ్చార్జి సమ్మరీలు. రెండు మూడు సిజేరియన్లయితే మూత్రాశయం గర్భసంచికి అతుక్కుపోయి ఉండొచ్చు, విడదీసేటప్పుడు గాయమయ్యే ప్రమాదముంది. అలాగని ల్యాప్రోస్కోపీ కుదరదని కాదు. అలాంటి కేసుల్లో చేయి తిరిగిన సర్జన్ కావాలి, అంతే.

గుండెజబ్బు, ఆయాసం ఉంటే దాచకండి. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, తలవైపు బల్లను కిందికి వంచుతారు. ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుంది. మత్తు డాక్టరు సరేననాలి.

హిమోగ్లోబిన్ తక్కువుంటే ముందు పెంచుకోవాలి. షుగరు అదుపులో ఉండాలి. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు రాకుండా ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దు. గర్భసంచిలోని గడ్డల్ని లోపలే ముక్కలు చేసి తీస్తే, అందులో క్యాన్సరు ఉన్నపక్షంలో పొట్టలో పాకే ప్రమాదముంది. 2014లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది ఇందుకే.

అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? అవసరమైతే పొట్ట కోస్తారా? సంతకం పెట్టకముందే అడగండి. అరవంలో చెబితే ఊరికే తలూపేయకండి, తెలుగొచ్చిన నర్సమ్మను పిలిపించుకోండి.