బైక్ బ్యాగు కొనేముందు బియ్యం సంచితో కొలవండి

దూర ప్రయాణానికి బైక్ బ్యాగు కొనాలంటే లీటర్ల దగ్గరే చిక్కు. 40 లీటర్లంటే ఎంత సామాను పడుతుందో దుకాణంలో చూసి చెప్పలేం.

ఇంట్లో ఖాళీ బియ్యం సంచులు రెండు తీసుకోండి, 25 కిలోలవి; బైక్‌కు ఒక్కో పక్కన వేలాడే బ్యాగుకు ఒక్కోటి. ఆ సంచి నిండితే సుమారు 30 లీటర్లు. తీసుకెళ్లాల్సినవన్నీ వాటిలో సర్ది చూడండి: బట్టలు, రెయిన్‌కోటు, పంక్చర్ కిట్, నీళ్ల సీసా. రెండూ సగానికే నిండితే మొత్తం 30 లీటర్ల బ్యాగు చాలు, పెద్దదానికి డబ్బు పోయక్కర్లేదు. తర్వాత ఒక్కో సంచినీ కొక్కెం తక్కెడకు తగిలించి తూచండి. రెండు వైపులా తేడా కిలో లోపే ఉండాలి. బరువైన పనిముట్లు అడుగున, ఇంజిన్ వైపు పెట్టాలి. వరంగల్ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్లే దారిలో మలుపుల దగ్గర ఈ సమతూకం ఎంత హాయో తెలుస్తుంది!

వానాకాలంలో బొగత జలపాతం వైపు వెళ్తుంటే బ్యాగు లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి, మూతిని రెండుసార్లు మడిచి కట్టండి. పైన తొడిగే కవరు గాలికి లేచిపోతుంది, లోపలిది కదలదు.

ఈ కొలత మెత్తటి బ్యాగులకే. గట్టి పెట్టెల్లో మూలలు వృథా అవుతాయి కాబట్టి కాస్త పెద్దవే చూడాలి. సైలెన్సర్ పైకి లేచి ఉన్న బైక్‌కైతే పక్క బ్యాగులు వద్దు, కాలిపోతాయి. వెనక సీటు మీద కట్టేదే తీసుకోండి.