కాలేజీ షార్ట్ ఫిల్మ్‌కి లొకేషన్ వెతుకుతున్నారా? రెక్కీలో ఇవి చూడండి

కథ ఖాయమైన రోజు రాత్రే అందరం చేసే పని, ఫోన్‌లో రీల్స్ తిరగేసి "రేయ్, ఇక్కడ తీద్దాం" అనేయడం. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల అలా ఊరించేవి చాలానే ఉన్నాయి: మైపాడు, కొత్తపట్నం బీచ్‌లు, ఉదయగిరి కోట, చీమకుర్తి క్వారీలు. ఫ్రేమ్ సంగతి తర్వాత. అక్కడ ఎవరికైనా కాలు విరిగితే రోడ్డు దాకా ఎలా తెస్తారు, ఆ రోడ్డుకి 108 వస్తుందా, ఫోన్‌కి సిగ్నల్ ఉందా? ముందు ఇవి తేల్చుకోండి. ఉదయగిరి కొండ మీద పడిపోయినవాణ్ణి మోసుకుంటూ దిగాల్సింది మీరే.

షూట్ ఏ టైమ్‌కో రెక్కీ (ముందుగా వెళ్లి చోటు చూసిరావడం) కూడా అదే టైమ్‌కి చేయాలి. మేం మైపాడుని పొద్దున ఆరింటికి చూసి మురిసిపోయాం, సముద్రంలోంచి సూర్యుడు, గాలి కూడా పెద్దగా లేదు, తీరా షూట్ పెట్టింది సాయంత్రం నాలుగింటికి. సూర్యుడు ఊరి వైపుకి పోయాడు, గాలికి రిఫ్లెక్టర్ (వెలుతురుని ముఖం మీదికి తిప్పే అట్ట) నిలవలేదు, ఒక్క డైలాగూ పనికి రాలేదు. చీకటి పడ్డాక నెల్లూరు రావడానికి ఆటో లేదు, 20 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఆ రోజు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన "అబ్బయా, ఆ పక్క దిగబాకండి, గుంట ఉంది" అని అరవకపోతే మా హీరోని సరిగ్గా అక్కడే నడుము లోతులో నిలబెట్టేవాళ్లం. కాబట్టి బీచ్‌లో ముందు అడగాల్సింది వేటకు వెళ్లేవాళ్లని. నీళ్ల షాట్ మోకాళ్లు దాటనివ్వకండి, ఈత వచ్చిన ఇద్దరికి ఇంకే పనీ చెప్పకుండా గట్టున నిలబెట్టండి.

చీమకుర్తి వదిలేసిన క్వారీల్లో నీళ్లు భలే ఉంటాయి, నిజమే. కానీ గోడలు నిలువుగా కోసి ఉంటాయి, చెరువులా మెల్లగా లోతయ్యే గట్టు ఉండదు, పడితే పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు. నన్నడిగితే అంచు దగ్గరికే పోవద్దు. పని జరిగే క్వారీ అయితే యాజమాన్యం ఒప్పుకోవాలి, మందు ఎప్పుడు పేలుస్తారో కనుక్కోవాలి.

రైలు పట్టాల మీద తీద్దామనే ఆలోచన మానుకోండి. పర్మిషన్ లేకుండా పట్టాల మీదికెళితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు పడొచ్చు.

ఇంట్లో షూటింగ్ కదా, భయమేముంది అనుకుంటాం. 1000 వాట్ల లైటు ఒక్కటే 4 ఆంపియర్లకు పైగా లాగుతుంది, అలాంటివి రెండు తెచ్చి ఫ్యాన్ ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి తగిలిస్తే వైరు కాలొచ్చు. పెద్ద సాకెట్ ఎక్కడుందో రెక్కీలోనే చూసుకోండి.

డేట్లు వేసేటప్పుడు మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అని గుర్తుంచుకోండి, నవంబరులో బీచ్ షెడ్యూల్ అంటే తుఫాన్‌తో పందెం. రోహిణి కార్తెలో అయితే మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా బయట కెమెరా తీయొద్దు.

బొమ్మ పిస్తోలో, కత్తో, కిడ్నాప్ సీనో ఉంటే ముందురోజే పోలీస్ స్టేషన్‌లో కాలేజీ లెటర్ ఇచ్చి, పక్కిళ్లవాళ్లకి, వీధి చివర టీ కొట్టాయనకి కూడా చెప్పండి. దూరం నుంచి చూసేవాళ్లకి మీ కెమెరా కనపడదు, కత్తే కనపడుతుంది.