నాటుకోళ్లకు నట్టల మందు: వెల్లుల్లి సరిపోతుందా?

వెల్లుల్లి, వేపాకు, గుమ్మడి గింజలు మేతలో పెడితే నష్టం లేదు. కానీ కడుపు నిండా నట్టలు (పేగుల్లో బతికే పురుగులు) ఉన్న కోడిని అవి కాపాడతాయని నమ్మి కూర్చోవద్దు. రొమ్ము ఎముక తేలి, తురాయి పాలిపోయి, మేత తింటున్నా బరువు పెరగకపోతే మందే వేయాలి.

ముందు తెల్లారగానే గూటిలో రెట్ట చూడండి. సేమ్యా లాంటి తెల్లటి పురుగులైతే ఏలికపాములు. బియ్యపు గింజంత ముక్కలైతే బద్దె పురుగులు. పైపరజిన్ అనే నట్టల మందు ఏలికపాములకే పనిచేస్తుంది, బద్దె పురుగులను ఏమీ చేయదు. చాలామంది మందు పనిచేయలేదనేది ఇక్కడే.

రెండింటికీ వాడే మందు ఆల్బెండజోల్. దాని 2.5 శాతం ద్రావణమైతే మి.లీ.కు 25 మి.గ్రా. ఉంటుంది. ఏలికపాములకు కిలో బరువుకు 10 మి.గ్రా., అంటే 2 కిలోల కోడికి 0.8 మి.లీ. బద్దె పురుగులకు దీనికి రెట్టింపు. తూకం వేసి, సూది తీసిన సిరంజితో ముక్కు పక్క నుంచి నోట్లోకి చుక్కలు చుక్కలుగా పోయండి. నాలుక వెనకే శ్వాసనాళపు రంధ్రం ఉంటుంది, ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లలో కలిపితే నీరసపడ్డ కోడి తాగదు, మందు అడుక్కి దిగుతుంది.

మూడు వారాలకు మళ్లీ వేయండి. గుడ్లు తినడానికి లేబుల్‌పై ఉన్న గడువు, లేదంటే కనీసం 14 రోజులు ఆగండి. ఆ గుడ్లు పొదగేయొద్దు.

మందు వేసిన మర్నాడే రెట్ట ఎత్తి, తడిసిన ఊక మార్చాలి. తడి నేలలో నట్టల గుడ్లు నెలల తరబడి బతుకుతాయి.