తుఫాను కాలానికి ముందు షెడ్డు మోడల్: స్టాడ్ ప్రో మొదలుపెట్టేవారికి జాగ్రత్తలు

1989 నవంబరు తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లు దాన్ని ఇంకా మరిచిపోలేదు. కట్టడం మీద పడే లోడ్లను లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ స్టాడ్ ప్రో కొత్తగా నేర్చుకుని, అల్లూరు వైపో ముత్తుకూరు వైపో రొయ్యల మేత గోదాముకు మోడల్ గీస్తున్నవారికి నేను చెప్పేది ఒక్కటే: రన్ నొక్కే ముందు మీ చేతి లెక్క కాగితం మీద ఉండాలి.

ముందు యూనిట్లు చూసుకోండి. మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు బీము వెడల్పును మీటర్ల లెక్కలో 0.23 అని కొడితే అది దారం కన్నా సన్నబడుతుంది, అయినా సాఫ్ట్‌వేర్ లెక్క చేసి ఇస్తుంది. తెర మీద కలిసినట్టు కనిపించే రెండు బీములకు ఉమ్మడి నోడ్ (కలిసే బిందువు) లేకపోతే లోడు ఒకదాని నుంచి మరొకదానికి పోదు. స్తంభం అడుగున ఫిక్స్‌డ్ (తిరగకుండా బిగించినది) అని పెడితే అక్కడ వచ్చే మూమెంటును, అంటే తిప్పే బలాన్ని, మోయగల పునాది కూడా వేయాలి. చిన్న పునాదే వేస్తామంటే పిన్డ్ (తిరగగలిగేది) పెట్టడం నిజాయితీ.

సొంత బరువుకు వై దిశలో మైనస్ 1, అంటే కిందికి, ఇచ్చారా? 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 125 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆఫీసు గది స్లాబు బరువు, ఘనమీటరుకు 25 కిలోన్యూటన్ల చొప్పున, 250 కిలోన్యూటన్లు. బీములు, స్తంభాలు, గోడల బరువు కూడా కలిపి, సపోర్టు రియాక్షన్ల (ఆధారాలు తిరిగి ఇచ్చే బలాల) మొత్తంతో సరిచూడండి. తేడా వస్తే ముందుకు పోకండి.

ఇక గాలి. గాలి లోడ్లకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం నెల్లూరుకు మూల వేగం సెకనుకు 50 మీటర్లు. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు పారిశ్రామిక కట్టడాలకు 2015 కూర్పు 1.15 గుణకం అడుగుతుంది. ఆ గుణకం వేగానికి. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 32 శాతం ఎక్కువవుతుంది. దీన్ని వదిలేసిన మోడళ్లు చూస్తే నాకు భయం వేస్తుంది.

భూకంపాన్నీ మరవకండి, 1967లో ఒంగోలు ప్రాంతం కంపించింది.

రేకుల షెడ్డుకు అసలు ప్రమాదం పైకి లాగే గాలి. పైకప్పు తేలిక కాబట్టి సొంత బరువును 0.9తో, గాలిని 1.5తో గుణించి కలిపిన లోడ్ కాంబినేషన్ తప్పక పెట్టండి. అందులో రియాక్షన్ పైకి లాగుతున్నట్టు వస్తే ఆ అంకెను డ్రాయింగు మీద రాయండి. పునాది బరువు, యాంకర్ బోల్టులు దానికి చాలుతాయని తేలాకే సీనియర్ ఇంజినీరు సంతకానికి పంపండి.