నోటీసు తెలుగును మనుషుల తెలుగుగా దిద్దడం ఎలా

అపార్ట్‌మెంటు గోడ మీద అంటించే కాగితం, బడి నుంచి తల్లిదండ్రులకు వచ్చే మెసేజ్, బ్యాంకు ఎస్ఎమ్మెస్, సంఘం వార్షికోత్సవ ఆహ్వానం. వీటిలో జనానికి చిరాకు పుట్టించే మాటలు పట్టుమని పది ఉండవు: జరిగింది, బడును, యొక్క, కలిగి ఉంది, మరియు, గలరు, చింతిస్తున్నాము. ఒక్కటీ తప్పు మాట కాదు. ఇంకో మాట చేయాల్సిన పనిలో దూరడం వల్లే వీటికి చెడ్డపేరు వచ్చింది. ఏరేసే ముందు ఏ మాట దేని పని లాక్కుందో చూసుకోవాలి.

దిద్దే వరస

చాలామంది 'యొక్క', 'మరియు'ల దగ్గర మొదలుపెడతారు, కంటికి ముందు కనిపించేవి అవే గనక. అలా చేస్తే పని రెండింతలవుతుంది. క్రియ మారగానే విభక్తులన్నీ మారిపోతాయి మరి. 'విద్యార్థుల చేత మొక్కలు నాటబడినవి' అన్నదాంట్లో 'చేత' ఒక్కటే తీస్తే వాక్యం పడిపోతుంది. 'విద్యార్థులు మొక్కలు నాటారు' అని క్రియ మారిస్తే 'చేత'కు అసలు చోటే ఉండదు. అందుకని ముందు 'ఎవరు?' అని అడగండి, తర్వాత 'ఏం చేశారు?' అని. మిగతావి ఆఖర్న.

జరిగింది

పరీక్ష సులువు. 'జరిగింది'కి ముందున్న మాట 'డం'తో గానీ 'టం'తో గానీ ముగిసిందా? ముగిస్తే రెండూ కలిపి తీసేసి అసలు క్రియను పెట్టండి. 'మంత్రిగారు రావడం జరిగింది, రిబ్బన్ కత్తిరించడం జరిగింది, మాట్లాడటం జరిగింది' అన్నది 'మంత్రిగారు వచ్చి, రిబ్బన్ కత్తిరించి, మాట్లాడారు' అవుతుంది. ముందున్నది నామవాచకమైతే ముట్టుకోవద్దు. పెళ్లి జరిగింది, ప్రమాదం జరిగింది, ఎన్నికలు జరిగాయి: ఇవి ఆ మాటకు సొంత ఇళ్లు.

టీవీ విలేకరుల నోట ఇది ఎందుకు పాతుకుపోయిందంటే, లైవ్‌లో తర్వాతి మాట వెతుక్కోవడానికి రెండు సెకన్లు దొరుకుతాయి. ఇంకో లాభమూ ఉంది. 'వచ్చాడు' అనాలా, 'వచ్చారు' అనాలా, 'వచ్చింది' అనాలా అన్న ఇబ్బంది తప్పిపోతుంది. రాసేటప్పుడు ఆ రెండు సెకన్లతో మనకు పని లేదు. మర్యాద సంగతి మాత్రం తేల్చుకోవాల్సిందే. నోటీసులో, వార్తలో ఎవరైనా పెద్దవాళ్లయితే 'వచ్చారు' అనేయండి, గొడవ ఉండదు.

బడును

'ఇచ్చట ఫోటోలు తీయబడును.' ఈ బోర్డు మీద నవ్వుకోని వాళ్లు ఉండరు, అయినా రాసేవాళ్లు మానలేదు. 'బడు' తీసేశాక ఏం పెట్టాలో తెలియకపోవడమే కారణం. తెలుగులో దాని బదులు నాలుగు దారులున్నాయి.

చేసేది మీరే అయితే 'ఫోటోలు తీస్తాం' చాలు. చేయాల్సింది చదివేవాళ్లయితే వాళ్లకే నేరుగా చెప్పండి: 'పాదరక్షలు లోనికి అనుమతించబడవు' కాదు, 'చెప్పులు బయట విడవండి'. ఎవరు చేశారో అనవసరమైనా, చెప్పడం ఇష్టం లేకపోయినా కర్తను వదిలేసి బహువచన క్రియ వాడండి: 'రోడ్డు తవ్వేశారు', 'రేపు పదింటికి కరెంటు తీసేస్తారు'. ఎవరన్నది ఎవరూ అడగరు. ఇక చేసినవాళ్లకన్నా చేశాక ఉన్న స్థితి ముఖ్యమైతే 'గేటుకు తాళం వేసి ఉంది', 'ఆమె సర్పంచిగా ఎన్నికయ్యారు' లాంటివి సరిపోతాయి.

'బడు'తో వాక్యం బరువెక్కడమే కాదు, ఒక్కోసారి అర్థం కూడా జారిపోతుంది. 'రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రునిచే నిర్మించబడినది' అని రాస్తుంటారు. రుద్రుడు కాకతీయ గణపతిదేవుడి సేనాని, శిల్పి కాదు. 'రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు' అంటే ఆ తేడా ఒక్క 'ఇంచు'తో తెలిసిపోతుంది. కట్టాడు, కట్టించాడు, కడిగాడు, కడిగించాడు: ఇంత చక్కని పనిముట్టు చేతిలో ఉండగా 'నిర్మించబడినది' అని పడుకోబెట్టడం దండగ.

కంప్యూటర్లో 'బడ' అని వెతికి ఒక్క దెబ్బకు మార్చేద్దామనుకుంటే దెబ్బతింటారు. కనబడు, వినబడు, నిలబడు అచ్చమైన తెలుగు క్రియలు, ఉండాల్సినవే. పైగా బడి, పెట్టుబడి, రాబడి కూడా ఆ వెతుకులాటలో తగులుతాయి. ఒక్కొక్కటీ చూసి మార్చాలి. 'జరిగింది'ని పట్టాలంటే 'డం జరి' అని ఓసారి, 'టం జరి' అని ఓసారి, మధ్యలో ఖాళీ లేకుండా మరోసారి వెతకండి. రాసేవాళ్లు మూడు రకాలుగానూ రాస్తారు.

ఒక నోటీసు, దిద్దక ముందు, దిద్దాక

'ఇందుమూలముగా అందరు నివాసితులకు తెలియజేయునది ఏమనగా, 12వ తేదీ ఆదివారం నాడు మన అపార్ట్‌మెంట్ యొక్క ఓవర్‌హెడ్ ట్యాంక్ మరియు సంపు శుభ్రపరచడం జరుగుతుంది. కావున ఉదయం 9 గంటల నుండి మధ్యాహ్నం 2 గంటల వరకు నీటి సరఫరా నిలిపివేయబడును. నివాసితులు ముందుగానే నీటిని నిల్వ చేసుకోగలరు. అసౌకర్యానికి చింతిస్తున్నాము.'

లిఫ్టు కోసం నిలబడ్డ మనిషి దీన్ని చదివేది ఐదారు సెకన్లు. ఆలోగా 'ఏమనగా' దగ్గరికి వస్తాడు, లిఫ్టు వచ్చేస్తుంది. ఆయనకు కావాల్సిన సంగతి ఒక్కటే: నీళ్లు ఎప్పుడు రావు? అది రెండో వాక్యం చివర దాక్కుంది. దాన్ని పైకి తెచ్చాక:

'12వ తేదీ ఆదివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా నీళ్లు రావు. ఆ రోజు పై ట్యాంకూ సంపూ కడిగిస్తున్నాం. శనివారం రాత్రే పట్టిపెట్టుకోండి. 2 దాటినా రాకపోతే వాచ్‌మన్‌ని అడగండి.'

37 మాటలు 25కు దిగాయి, పైగా ఎవర్ని అడగాలో కూడా చేరింది. 'చింతిస్తున్నాము' పోయిందని ఎవరూ బాధపడరు. రైల్వే స్టేషన్లో అదే మాట విని విని, చింతించేవాళ్లు ఎవరూ లేరని అందరికీ తెలిసిపోయింది. నిజంగా క్షమాపణ చెప్పాల్సి వస్తే దానికి కారణమూ, చేస్తున్న పనీ చెప్పండి: 'మోటారు కాలిపోయింది. మెకానిక్ సాయంత్రం వస్తానన్నాడు. అందాకా ట్యాంకరు తెప్పించాం.'

దిద్దే ఉత్సాహంలో అవతలి గట్టుకు పోవద్దు. ట్యాంకును 'నీటి తొట్టి' అనో, సెల్‌ఫోన్‌ను 'చరవాణి' అనో మారిస్తే నోటీసు మళ్లీ అర్థం కాకుండా పోతుంది. లిఫ్టు, కరెంటు, మోటారు, వాచ్‌మన్ ఎప్పుడో మన మాటలైపోయాయి. 'నుండి'నా, 'నుంచి'నా, 'వరకు'నా, 'దాకా'నా అని కూడా తగవు పెట్టుకోనక్కర్లేదు.

యొక్క, కలిగి ఉంది, మరియు

'యొక్క' చేసే పనిని తెలుగు నామవాచకం తనంతట తానే చేసుకుంటుంది. రాము పుస్తకం, సీత చీర. కొన్ని మాటలు రూపం కూడా మార్చుకుంటాయి: ఇల్లు ఇంటి, ఊరు ఊరి, చెయ్యి చేతి, కన్ను కంటి, రోలు రోటి, నెయ్యి నేతి. 'ఇల్లు యొక్క పైకప్పు' అన్నవాడు 'నెయ్యి యొక్క అరిసెలు' కూడా తింటాడేమో తెలీదు. నాలుగైదు నామవాచకాలు వరసగా పేరుకుని అర్థం చిక్కుబడితే 'యొక్క'తో అతికించకండి, వాక్యాన్ని రెండు చేయండి.

'కలిగి ఉంది' అనువాదాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని దిద్దాలంటే ఆ ఉన్నది ఎవరికి, ఎక్కడ అని చూసుకోవాలి. మనుషులకైతే 'కు' పెట్టండి: 'ఆయనకు ఇద్దరు పిల్లలు', 'నాకు జ్వరం'. ఏదైనా ఒకదాని లోపల ఉంటే 'లో': 'ఈ ఇంట్లో మూడు గదులున్నాయి'. చేతిలోనో అందుబాటులోనో ఉంటే 'దగ్గర': 'ఆమె దగ్గర తాళంచెవి ఉంది'. 'సందేహం కలిగింది' వేరే సంగతి, దాన్ని వదిలేయండి.

'మరియు' బదులు అచ్చును సాగదీయడం తెలుగు పద్ధతి: అమ్మా నాన్నా, ఉప్పూ కారమూ, రామూ సోమూ సీతా. సున్నాతో ముగిసే మాటకు 'మూ' వస్తుంది. జాబితా మూడు నాలుగు దాటితే కామాలు చాలు, చివర్న 'మరియు' అక్కర్లేదు. శాఖల పేర్లలో, సంస్థల రిజిస్టరు పేర్లలో మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచాలి.

గలరు, దయచేసి

'సమయపాలన పాటించగలరు' అంటే పాటించే శక్తి ఉందనా, పాటించమనా? మర్యాద కోసం పెట్టిన మాట అనుమానం పుట్టిస్తోంది. 'రండి', 'కట్టండి', 'సంతకం పెట్టండి' అనండి. 'ఆమె నాలుగు భాషలు మాట్లాడగలరు' లాంటి చోట నిజమైన 'గల' ఉంది, ఉంచండి.

మన మర్యాద 'దయచేసి'లో కన్నా 'అండి'లోనూ, 'కాస్త', 'కొంచెం', 'ఒకసారి' లాంటి చిన్న మాటల్లోనూ ఉంది. 'దయచేసి పక్కకు జరగండి' అంటే పోలీసు గొంతు వినిపిస్తుంది. 'కాస్త జరగండి' అంటే పక్కసీటు మనిషి. తెలంగాణలో 'జర', రాయలసీమలో 'రోంత' అదే పని చేస్తాయి. ఒక వాక్యానికి ఇలాంటిది ఒకటి చాలు, రెండు పెడితే బతిమాలినట్టుంటుంది. కౌంటర్లలోనూ కాల్ సెంటర్లలోనూ వినిపించే 'నేను మీకు ఏ విధంగా సహాయపడగలను'కు తెలుగు 'చెప్పండి'. అంతే. యాప్‌లు తయారుచేసేవాళ్లు మీటల మీద 'సమర్పించు', 'వెతుకు' అని ఏకవచనం రాస్తారు. అరవయ్యేళ్ల మనిషికి ఫోను నువ్వని పిలిచినట్టు తోస్తుంది. 'పంపండి', 'వెతకండి' అంటే పోయేదేమీ లేదు.

ఇంటి మాటలు

కొన్ని మాటలు వ్యాకరణం వల్ల కాక, పట్టింపు వల్ల నచ్చవు. బయల్దేరినవాళ్లను 'ఎక్కడికి?' అని అడిగితే పెద్దవాళ్లకు కోపం, 'ఎందాకా?' అనాలి. 'వెళ్తా' కాదు, 'వెళ్లొస్తా'. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. పండగ మెసేజ్‌లో, గృహప్రవేశం ఆహ్వానంలో ఇవి గుర్తుంచుకోవాలి.

చావు కబురు రాసేటప్పుడు మరీ జాగ్రత్త. 'మృతి చెందారు' పేపరు మాట, 'చనిపోవడం జరిగింది' ఎక్కడా పనికిరాదు. 'మా నాన్నగారు ఈ తెల్లవారుజామున కాలం చేశారు. అంత్యక్రియలు సాయంత్రం 4 గంటలకు' అని, చోటు చెప్పి ఆపేయండి. ఆ ఇంటికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు 'వెళ్లొస్తాం' అనకూడదు. ఏమీ అనకుండా లేచి వచ్చేస్తారు.

ముట్టుకోకూడనివి

పెళ్లి శుభలేఖలో 'విచ్చేసి వధూవరులను ఆశీర్వదించి మా ఆతిథ్యం స్వీకరించ ప్రార్థన' ఉండాల్సిందే. అది తీసేసి 'పెళ్లికి రండి' అని అచ్చేస్తే బంధువులు పిలుపే అందలేదంటారు. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పుట్టినరోజున జరిగే తెలుగు భాషా దినోత్సవాల ఆహ్వానంలో 'ఘనంగా నిర్వహించబడును' అని కనిపిస్తే మాత్రం నిర్మొహమాటంగా కొట్టేయండి. వాడుక భాష కోసం పోరాడిన మనిషి ఆయన. ఇక క్రయ దస్తావేజులు, కోర్టు నోటీసుల్లో భాష ఎంత విసుగు పుట్టించినా ఒక్క మాట కూడా సొంతంగా మార్చకండి. అర్థం కాని చోట గీత గీసి, సంతకం పెట్టేముందే రాసినాయన్నో వకీలునో అడిగి తెలుసుకోండి.