ఆగిన లారీని చదవడం – 3వ పాఠం: టైరు కింద నేల

పోయిన పాఠంలో అనుకున్న లారీనే ఈసారీ తీసుకుందాం. కల్పిత కేసే. చిత్తూరులో మామిడి గుజ్జు డ్రమ్ములు ఎక్కించుకుని బెంగళూరు పోవాల్సిన బండి, మొగిలి ఘాట్ దిగువన రోడ్డు పక్క మట్టిలో ఆగి ఉంది. డ్రైవరు లేడు, ఫోను స్విచాఫ్. ఇంటివాళ్ళు టెన్షన్‌లో ఉన్నారు. ఎవడో ఒకడు అప్పటికే డోరు తీసి, హారన్ కొట్టి చూశాడు కూడా. (ఇలాంటి మనిషి ప్రతిచోటా ఉంటాడు. అతని వేలిముద్రలూ తీసుకోవాల్సి వస్తుంది, పేరు రాసిపెట్టుకోండి.)

డ్రైవరు ఏమయ్యాడని అందరూ అడుగుతారు. మీరు ముందు లారీ ఎప్పుడు ఆగిందో తేల్చుకోండి. టైము చిక్కితే ఏ కెమెరా, ఏ ఫోన్ కాల్ చూడాలో దానంతటదే తెలుస్తుంది.

రాత్రి 2 గంటలకు వాన పడిందని పక్క పొలం రైతు చెప్పాడనుకోండి. వంగి చూడండి. చుట్టూ మట్టి నల్లగా తడిసి, లారీ కింద తెల్లగా పొడిగా ఉంటే, బండి వానకు ముందే వచ్చింది. అయితే ఇది ఘాట్ దిగువ, నేల ఏటవాలు. మిట్ట నుంచి పారిన నీళ్ళు లారీ కిందకీ దూరతాయి. అప్పుడు టైరుకు మిట్ట వైపు చూడాలి. కొట్టుకొచ్చిన ఆకులు, సన్న ఇసుక అక్కడ చిన్న కట్టలా పేరుకుని ఉంటే, నీళ్ళు పారేటప్పుడు టైరు అక్కడే ఉందన్నమాట. ఆ కట్టను కాలితో తొక్కకముందే ఫోటో తీయాలి. తొక్కారా, సాక్ష్యం పోయినట్టే.

తర్వాత రాయి. టైరుకు పల్లం వైపు రాయి పెట్టి ఉంటే, దిగినవాళ్ళు తాపీగానే దిగారు. అది డ్రైవరే అని మాత్రం ఇప్పుడే అనుకోవద్దు.

క్యాబిన్‌లో రక్తపు మరక కోసం వెతకడం సినిమా అలవాటు. నేనైతే చెప్పులు చూస్తాను. చాలామంది చెప్పులు విడిచి బండి నడుపుతారు, దిగేటప్పుడు తొడుక్కుంటారు. జత అక్కడే ఉంటే అతను ఎలా దిగాడు? ఇంకో జత ఉండేదా అని ఇంట్లో అడగాలి. పొడుగు మనిషి బండిలో సీటు ముందుకు జరిపి ఉంటే అదీ రాసుకోండి.

వీటిని చూడండి, ముట్టుకోవద్దు. సోదా, జప్తు పోలీసుల పని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 105వ సెక్షన్ ప్రకారం వాటిని వీడియో కూడా తీయాలి.

కాగితాల్లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ముఖ్యం. అది తయారైన టైము దాని మీదే ఉంటుంది. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. అంటే బెంగళూరు లోడుకి తొందరపడాల్సిన పని లేదు.

ఇక మీ లెక్క. చిత్తూరు పంపులో తీసుకున్న డీజిల్ బిల్లు వెనక డ్రైవరు రీడింగ్ రాసుకున్నాడు: 4,12,306. ఇప్పుడు మీటర్లో 4,12,384. పంపు నుంచి ఈ చోటుకి 32 కిలోమీటర్లే అనుకోండి. లారీ ముక్కు చిత్తూరు వైపు తిరిగి ఉంది. అతను ఎంత దూరం పోయి వెనక్కి తిరిగాడో కాగితం మీద తేల్చండి. నాలుగో పాఠం ఆ చోటి నుంచే.