మంచినీళ్ల బోరుకు నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో ఇలా తేల్చండి

బోరు చుట్టూ గుండ్రంగా గీత గీసి, అంతవరకు మురికి చేరకుండా కాపాడితే చాలంటే నేను ఒప్పుకోను. నీళ్లు ఎక్కువగా ఎగువ నుంచే వస్తాయి. ఆ దారి తేల్చడానికి నేను వాడేది మోడ్‌ఫ్లో, అంటే భూగర్భ జలాలు ఎటు కదులుతాయో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్. అమెరికా జియలాజికల్ సర్వే 1984లో తెచ్చిన ఈ ప్రోగ్రామ్ ఉచితం. దాన్ని సులువుగా నడిపించే మోడల్‌మ్యూజ్ కూడా ఉచితమే.

ముందు ఊళ్లోని బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలవండి. మోటార్లు ఆపి కొన్ని గంటలయ్యాకే కొలవాలి. వేసవి చివర ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి. ప్రతి బోరు దగ్గర నేల ఎత్తు కూడా తీసుకోండి, లేదంటే నీటిమట్టం వాలు తప్పుతుంది.

మా నల్గొండ గ్రానైట్ నేలల్లో మొదటి మోడల్‌కు రెండు పొరలు చాలు: పైన మెత్తబడిన రాయి, కింద పగుళ్ల రాయి. ఇంకే వాన, చెరువు, తోడే నీళ్లు ఎక్కించండి. వ్యవసాయ బోర్లను వదిలేస్తే మాత్రం ఆ మోడల్‌ను నేను నమ్మను. లెక్కలో వచ్చిన మట్టాలు కొలిచినవాటికి దగ్గరయ్యేదాకా పారగమ్యత (రాయి నీటిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే విలువ) సరిచేయండి.

తర్వాత మోడ్‌ఫ్లో లెక్క మీద నీటి దారి గీసే మోడ్‌పాత్ ప్రోగ్రామ్‌తో, బోరు నుంచి ఊహా కణాలను నీళ్లు వచ్చిన దారిలో వెనక్కి నడిపించండి. ఇక్కడ తొందరపడొద్దు. పారగమ్యత రోజుకు 2 మీటర్లు, వాలు 0.005 అనుకుందాం. రాయిలో నీరు కదిలే ఖాళీ 20 శాతమైతే నీళ్లు రోజుకు 5 సెంటీమీటర్లు కదులుతాయి. పగుళ్ల రాయిలో అది 1 శాతమైతే రోజుకు మీటరు! అందుకే రకరకాల విలువలతో నడిపి, కణాలు వచ్చిన ప్రాంతాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని హద్దుగా తీసుకోండి. ఆ హద్దులో ఉన్న మరుగుదొడ్డి గుంతలు, చెత్త కుప్పలు గుర్తించి పంచాయతీకి మ్యాపు ఇవ్వండి. ఫ్లోరైడ్ రాయిలోంచే వస్తుంది కాబట్టి దానికి ఈ హద్దు పనిచేయదు, నీళ్ల పరీక్ష విడిగా చేయించాలి.